కారం చేతులు

బుద్ధి తెలిశాక మా అమ్మ నా మొహాన్ని ఒక్కసారే ముట్టుకుంది. అదీ కంట్లో కారం పెట్టడానికి.

ఈ మాట నేను చాలాసార్లు చెప్పాను. చీరాలలో నేను పనిచేసే ప్రైవేటు స్కూల్లో తల్లిదండ్రుల మీటింగు పెట్టినప్పుడల్లా మైకు నాకే ఇస్తారు. "పిల్లల మీద చెయ్యెత్తకండమ్మా" అని మొదలుపెట్టి, చివర్లో మా అమ్మ కథ చెబుతాను. ముందు వరసలో ఇద్దరు ముగ్గురు కొంగుతో కళ్ళు ఒత్తుకుంటారు. ఆ తరవాత చప్పట్లు. ఇరవై రెండేళ్ళ సర్వీసు నాది, ఏ మాట దగ్గర ఆగితే ఎవరు ఏడుస్తారో బాగా తెలుసు. మీటింగుల్లో చెప్పని భాగం ఒకటుంది. అది ఇప్పుడు చెబుతున్నాను, చప్పట్లు అక్కర్లేదు.

మా ఊరు చిలకలూరిపేట దాటి లోపలికి వెళ్ళాలి. నల్లరేగడి నేల, సగం పత్తి, సగం మిరప. మాకు సెంటు పొలం లేదు. అమ్మ కూలికి వెళ్ళేది. నాన్న గుంటూరు యార్డులో మిరప బస్తాలు మోసేవాడు. వారానికోసారి వచ్చి, ఉన్నంతసేపూ నిద్రపోయి వెళ్ళిపోయేవాడు. నా తరవాత పుట్టిన ఇద్దరూ పురిట్లోనే పోయారు. ఇంట్లో మిగిలింది అమ్మా నేనూ.

జనవరి నుంచి ఏప్రిల్ దాకా మిరప కోతలు. పొద్దున్నే చేలో దిగితే సాయంత్రం దాకా వంగిన నడుం ఎత్తేది లేదు. చేతులకి ఆముదం రాసుకున్నా, గుడ్డపీలికలు చుట్టుకున్నా కాయ ఘాటు చర్మంలోకి దిగిపోతుంది. అమ్మ ఇంటికొచ్చి నీళ్ళ బేసినులో మణికట్ల దాకా ముంచుకుని కూర్చునేది. ఎవరైనా మజ్జిగ పోస్తే అందులో. సబ్బుకి లొంగేది కాదు. మరచిపోయి ఆ చేత్తో కన్ను నలుపుకుందా, ఇక ఆ పూటకి అన్నం లేదు, వంట లేదు. అందుకే నేను దగ్గరికి వెళితే మోచేత్తో నెట్టేది.

"దగ్గరికి రామాక, చేతులకి కారం ఉంది."

నేను పడి మోకాలు చీరుకుని ఏడుస్తూ వచ్చినా అదే మాట. జ్వరమొస్తే నుదుటి మీద మోచెయ్యి ఆనించి చూసేది. ముద్దలు కలిపి నోట్లో పెట్టడం మా ఇంట్లో లేదు, గరిటెతో పళ్ళెంలో వేసి కాలితో ఇవతలికి జరిపేది. నా జడ పక్కింటి పిన్ని వేసేది. కొట్టడానికి మాత్రం చేతులతో పనేముంది, చూరులో చింతబరికె ఉండేది. నేను అబద్ధమాడినా, అన్నం మాడ్చినా, ఒక్కోసారి ఏమీ చెయ్యకపోయినా అది దిగేది. నేను గట్టిగా అరిచేదాన్ని. గట్టిగా అరిస్తే పిన్ని వచ్చి అడ్డం పడుతుంది కాబట్టి.

ఆవిడ నన్నెందుకు ముట్టుకోదో నాకు తెలియదని కాదు. మా పేటలో పిల్లలందరికీ తెలుసు. కానీ వానలు పడ్డాక, పత్తి విత్తనం పెట్టే రోజుల్లో, కలుపు తీసే రోజుల్లో చేతులకి కారం ఉండదుగా? మిగతా ఆడవాళ్ళు వానాకాలం వచ్చేసరికి పిల్లల్ని ఒళ్ళోకి లాక్కుని పేలు చూసేవాళ్ళు. నాలుగు నెలల బాకీ తీర్చుకుంటున్నట్టు చెంపలు పిండేవాళ్ళు. మా అమ్మ అరుగు మీద కూర్చుని, తన చేతులు తన ఒళ్ళోనే పెట్టుకుని, వీధిలోకి చూసేది. కోతల రోజుల్లో కారం, మిగతా రోజుల్లో అలవాటు. నేను పక్కన కూర్చుంటే కొంచెం జరిగి చోటిచ్చేది, అంతే.

నాకు తొమ్మిదేళ్ళప్పుడు, ఆదివారం బడిలో పాస్టరమ్మగారు పిల్లల్ని వరసగా నిలబెట్టి, "మీ అమ్మ మిమ్మల్ని ఎలా ప్రేమిస్తుందో చెప్పండి" అని అడిగారు. ఒక పిల్లాడు గోరుముద్దలు పెడుతుందన్నాడు. ఒకమ్మాయి ముద్దు పెట్టుకుంటుందంటే అందరూ నవ్వారు. నా వంతు వచ్చింది. "మా అమ్మ నన్ను ముట్టుకోదండి" అన్నాను.

పాస్టరమ్మగారు మంచి మనిషి. చిక్కంతా మంచివాళ్ళతోనే. ఆరాధన అయిపోయి ఆడవాళ్ళు చాపలు చుడుతుంటే అమ్మని పిలిచి, "బిడ్డని దగ్గరికి తీసుకోవాలమ్మా, పిల్ల బెంగపడుతోంది" అన్నారు. చాపలు చుట్టేవాళ్ళ చేతులు ఆగిపోయాయి. అమ్మ తల ఊపింది. ఇంటిదాకా నా పక్కనే నడిచింది.

ఆదివారం మా పేటలో ఎవరూ కాయ ముట్టుకోరు. శనివారం సాయంత్రం కడుక్కున్న చేతులు ఆదివారం మధ్యాహ్నానికి చల్లబడతాయి. ఇంటి ముందు చాప మీద మా ఇంటి ఖర్చుకని ఉంచుకున్న కాయలు ఎండుతున్నాయి. అమ్మ చర్చికి కట్టుకున్న చీర మార్చుకోకుండానే ఆ చాప పక్కన గొంతుక్కూర్చుని ఒక కాయ తుంచింది. గింజలు రాల్చి, బొటనవేలితో నలిపింది. కూరలోకేమో అనుకున్నాను.

"ఇలా రా" అంది.

నేను పరిగెత్తాను. ఇన్నేళ్ళయినా నా మీద నాకు మండేది అక్కడే. నడవొచ్చుగా. పరిగెత్తాను.

ఎడమ చేత్తో నా గడ్డం పట్టుకుంది. మెత్తగానే పట్టుకుంది. "ముట్టుకోదన్నావుగా. ఇదిగో, ముట్టుకున్నా" అని బొటనవేలు నా కుడి కంట్లో రుద్దింది.

ఆ మంట సంగతి రాయను. ఈ జిల్లాలో పుట్టినవాళ్ళకి చెప్పక్కర్లేదు, పుట్టనివాళ్ళకి చెప్పినా తెలియదు. పక్కింటి పిన్ని పరిగెత్తుకొచ్చి అమ్మని తిట్టిపోసి, గేదె పాలు తెచ్చి కంట్లో పోసింది. కన్ను విప్పడానికి రెండు రోజులు పట్టింది. అమ్మ సారీ లాంటి మాట అనలేదు, అప్పుడూ, ఆ తరవాతా. ఊరు మాత్రం అమ్మని నానా మాటలూ అంది. నెలరోజులు బోరింగు దగ్గర ఆడవాళ్ళు అమ్మకి బిందె పెట్టుకోడానికి చోటివ్వలేదు.

నేను చదువుకుని ఆ ఊరు వదిలాను. టీచరునయ్యాను. మా ఆయన కరెంటాఫీసులో పనిచేస్తాడు, నెమ్మదైన మనిషి. మాకు ఒక్కతే అమ్మాయి. అది పుట్టిన రోజున, ఆ ఎర్రటి గుప్పెళ్ళు చూస్తూ, నా చెయ్యి దీని మీద ముద్దుకి తప్ప లేవదని దేవుడి ముందు ఒట్టు పెట్టుకున్నాను. ఆ ఒట్టు తప్పలేదు. అక్షరాలా తప్పలేదు.

మా అమ్మకి నేను ఎన్నో క్లాసో కూడా తెలిసేది కాదు. మా అమ్మాయికి మొదటి పాలపన్ను ఏ పూట ఊడిందో నాకు తెలుసు. ఏ సబ్జెక్టులో ఏ పాఠం రాదో తెలుసు, ఏ స్నేహితురాలు ఏ మాటందో తెలుసు. ముద్దలు కలిపి ఏడో తరగతి దాకా నోట్లో పెట్టాను. నా చేతులు మెత్తగా ఉంటాయి, చాక్‌పీసు పొడికి తప్ప దేనికీ కష్టపడని చేతులు. వాటితో రోజుకి ఎన్నిసార్లు దాని మొహం నిమిరానో.

దానికి ఏడేళ్ళప్పుడు ఒకసారి లెక్కల్లో పాతికకి పదమూడు వచ్చాయి. మా అమ్మయితే, మార్కులంటూ చూడటం వస్తే, బరికె దించేది. నేను పేపరు మడిచి దాని బ్యాగులో పెట్టి, దగ్గరికి తీసుకుని, "ఫర్వాలేదు తల్లీ" అన్నాను. ఆ పూట భోజనం చెయ్యలేదు. అది పళ్ళెం పట్టుకుని వచ్చింది. "ఆకలిగా లేదు నాన్నా, నువ్వు తిను" అన్నాను. అది నా మొహంలోకి అలా చూస్తూ నిలబడి, పళ్ళెం అక్కడే పెట్టి, వెళ్ళి లెక్కల పుస్తకం తీసింది. నాకు లోపల ఎంత తృప్తిగా ఉందో చెప్పకుండా ఉండలేను. దెబ్బ లేకుండా పనయింది.

ఇక అదే పట్టుకున్నాను. శుక్రవారం శుక్రవారం దాని చదువు కోసం ఉపవాస ప్రార్థన. నా ఉపవాసం సంగతి దానికి తెలియాలి, తెలిసేలా చేసేదాన్ని. డాన్సు నేర్చుకుంటానంటే, "నీ ఇష్టం తల్లీ. అమ్మ ఏమీ అనదు" అనేదాన్ని. స్నేహితుల ఇంటికి వెళ్తానంటే, "నీ ఇష్టం". మా ఇంట్లో ఆ రెండు మాటలూ వినపడ్డాయంటే అర్థం ఏమిటో గోడకున్న బల్లికి కూడా తెలుసు. అది డాన్సు నేర్చుకోలేదు. స్నేహితుల ఇంటికి వెళ్ళలేదు. నేను వద్దనలేదని చర్చిలో సాక్ష్యం కూడా చెప్పగలను.

అమ్మ ఊళ్ళోనే ఉంటుంది. పట్టుబట్టి ఉంటుంది. డెబ్బై దాటినా కోతల కాలంలో కల్లంలో కూర్చుని, ఎండిన కాయల్లోంచి రంగు పోయిన తాలుకాయలు ఏరుతుంది. రెండేళ్ళ కిందట ఆగస్టులో, కంటి శుక్లం తీయించుకోడానికి చీరాల వచ్చింది. నల్ల కళ్ళద్దాలు పెట్టుకుని ఇంట్లో కూర్చోలేక, మా స్కూలు మీటింగుకి వస్తానంది. వెనక వరసలో కూర్చోబెట్టాను. మైకు చేతికొచ్చింది. ఆ రోజు ఆ కథ మానేయొచ్చు. మానలేదు. ఆవిడ వినాలనే చెప్పాను, ఇంకొంచెం వివరంగా చెప్పాను. బాగా చప్పట్లు పడ్డాయి.

ఆటోలో ఇంటికొస్తుంటే అమ్మ అంది. "ఆ పాస్టరమ్మే నయం. పదిమందిలో అంది. నువ్వు ఊరందర్నీ కూర్చోబెట్టి చెప్పావు."

"అయితే ఏంటి? మళ్ళీ కారం పెడతావా?"

"ఇది ఆగస్టే" అంది. "చేతులకి కారం యాడుంది?"

మా అమ్మాయి మా ఇద్దరి మధ్యా కూర్చుని ఉంది. ఆ కథ అది పుట్టినప్పటి నుంచీ వింటూనే ఉంది, నా నోటి నుంచి. ఆ రోజు మొదటిసారి అమ్మమ్మ చేతుల వంక చూసింది.

పదో తరగతి అవ్వగానే దాన్ని గుంటూరులో, రెసిడెన్షియల్ కాలేజీలో వేశాం. మెడిసిన్ సీటు కోసం. అదే ఒప్పుకుంది, నేను బలవంతపెట్టలేదు, "నీ ఇష్టం" అన్నాను. అక్కడ వారం వారం పరీక్ష, మార్కుల్ని బట్టి సెక్షను మార్పు. సోమవారం పొద్దున బోర్డు మీద పేర్లు చూసుకుని, పుస్తకాలు సర్దుకుని, పై సెక్షను నుంచి కింద సెక్షనుకో, కింద నుంచి పైకో వెళ్ళి కూర్చోవాలి. కల్లంలో కాయలు ఏరినట్టే. మా అమ్మాయి మొదట్లో పైనే ఉంది. దసరా తరవాత కిందికి దిగడం మొదలైంది.

నవంబరులో ఒక ఆదివారం వార్డెను ఫోన్లోంచి చేసింది. "అమ్మా, నన్ను తీసుకెళ్ళిపో. ఇక్కడ ఉండలేకపోతున్నా. చీరాలలోనే ఏదో ఒక కాలేజీలో చేరతా. చదువుతానమ్మా, మానెయ్యను" అంది. ఏడవడం లేదు. ఏడిస్తే బాగుండేదేమో.

వంటింట్లో నిలబడి ఉన్నాను. చారు పొంగుతోంది, స్టవ్ కట్టేశాను.

"వచ్చెయ్ తల్లీ. నీ ఇష్టం. నీకంటే నాకేం కావాలి? అమ్మ శుక్రవారాలు ఎందుకు పస్తుంటుందో దేవుడికి తెలుసు. నువ్వు వచ్చేస్తే పస్తులు మానేస్తా, అంతేగా. అందరికీ ఏదో ఒకటి చెప్పుకుంటాంలే."

ఫోన్లో దాని వెనక ఇంకెవరో అమ్మాయి "తొందరగా ఇవ్వవే" అంటోంది.

"లేదులే అమ్మా. ఉంటాలే."

"నీ ఇష్టం" అన్నాను.

ఫోను పెట్టేసి స్టవ్ మళ్ళీ వెలిగించాను. మా ఆయన గుమ్మంలో నిలబడి అంతా విన్నాడు. "తీసుకొచ్చేద్దామే" అన్నాడు. ఆయనతో రెండు రోజులు మాట్లాడలేదు. ఆయన ఆ ఊసు మళ్ళీ ఎత్తలేదు.

క్రిస్మస్‌కి నాలుగు రోజులు సెలవిచ్చారు. అమ్మ కూడా వచ్చింది. ఇంకా కోతలు మొదలు కాలేదు. పండగ ముందు రోజు మనవరాలిని గుమ్మంలో కూర్చోబెట్టుకుని, కొబ్బరినూనె గిన్నె పక్కన పెట్టుకుని తల అంటుతోంది. నన్ను ఎన్నడూ ఒళ్ళోకి తీసుకోని మనిషి, దానికి మాత్రం తల అంటుతుంది. చూసి నాకు కళ్ళు మండేవి, కారం లేకుండానే. నేను లోపల కేకుకి పిండి కలుపుతున్నాను.

"ఏందే ఇది?" అని అరిచింది.

వెళ్ళి చూశాను. నడినెత్తికి కొంచెం వెనగ్గా, జుట్టు లేదు. అరచేతిలో సగం ఉంటుంది, నున్నగా, అక్కడక్కడా చిన్న చిన్న ఎర్ర చుక్కలు. ఇంతకాలం పైన జడ వేసుకుని కప్పేసింది.

"ఎవరు పీకారే?"

"నేనే అమ్మమ్మా."

"ఎందుకే?"

"తెలీకుండా పీకేస్తా. చదువుతున్నప్పుడు. ఒక్కోటీ పీకితే కొంచెం బాగుంటది." అమ్మమ్మ దగ్గర దాని భాష కూడా ఊరిదైపోతుంది.

అమ్మ నూనె చేతులు గాల్లో పెట్టుకుని నా వంక తిరిగింది. "నేను నిన్ను కొడితే ఊరంతా చూసేదే. పిన్నులొచ్చి అడ్డం పడేవాళ్ళు. నన్ను తిట్టేవాళ్ళు, బిందె పెట్టుకోనిచ్చేవాళ్ళు కాదు. నువ్వు కొట్టేది ఎవరికి కనపడుద్ది, అడ్డం పడ్డానికి?"

"నేను దీన్ని పుట్టాక ఒక్క దెబ్బ కొట్టలేదు" అన్నాను.

"అదేగా నేననేది" అంది.

నా కూతురు నేల చూస్తోంది. "అమ్మా, ఇక నేను వెళ్ళను" అంది, నేలతో అన్నట్టు.

ఇక్కడ తల్లన్నది ఏం చెయ్యాలో మీకు తెలుసు. నాకూ తెలుసు, మీటింగుల్లో చెబుతాను కూడా. ఆ నిమిషంలో నా మనసులో నడిచింది ఏమిటంటే, పరీక్షలకి ఇంకా రెండున్నర నెలలు ఉంది, జుట్టు మళ్ళీ మొలుస్తుంది, సీటు మొలవదు. ఇది నేను ఊహించి రాస్తున్న మాట కాదు. ఇవే మాటలు, ఇదే వరసలో వచ్చాయి.

చేతులు కడుక్కుని వచ్చాను. అమ్మని పక్కకి జరగమని దువ్వెన తీసుకున్నాను. పాపిడి పక్కకి తీసి, ఆ చోటు మీదుగా జుట్టు మెల్లగా దువ్వి, రెండు పిన్నులు పెట్టి, జడ కిందికి వేశాను. ఎంత నెమ్మదిగా దువ్వానో, ఒక్క చిక్కు దగ్గర కూడా దానికి నొప్పి తెలియనివ్వలేదు. నెత్తి మీద ముద్దు పెట్టాను. అద్దం ముందుకి తీసుకెళ్ళి, "చూడు, ఏమీ తెలియట్లేదు" అన్నాను. "పరీక్షలయ్యేదాకా ఇలా వేసుకో. ఆ తరవాత నీ ఇష్టం."

"సరే అమ్మా" అంది.

అమ్మ నూనె గిన్నె తీసుకుని పెరట్లోకి వెళ్ళిపోయింది. క్రిస్మస్ ఆరాధనలో నేను లేచి సాక్ష్యం చెప్పాను. మా బిడ్డని దేవుడు డాక్టరుని చేస్తున్నాడని, దానికోసం ప్రార్థన చెయ్యమని అడిగాను. సంఘమంతా ఆమెన్ అంది. అది ఆడపిల్లల వరసలో, జడ సరిచేసుకుంటూ కూర్చుంది. ఇరవై ఏడో తారీకున దాని బట్టలు అదే సర్దుకుంది. రైలు ఎక్కించి వచ్చాను.

మార్చిలో పరీక్షలయ్యాయి. తీసుకురావడానికి మా ఆయన వెళ్ళాడు. గుంటూరు బస్టాండులో చీరాల బస్సు ముందు నిలబడి, "నాన్నా, అమ్మమ్మ ఊరెళ్తా" అందట. ఆయన ఎదురు చెప్పే మనిషి కాదు, నాకే ఎదురు చెప్పలేదు, కూతురికేం చెబుతాడు. చిలకలూరిపేట మీదుగా తీసుకెళ్ళి దింపి, అక్కణ్ణించి నాకు ఫోను చేసి దాని చేతికిచ్చాడు.

"అక్కడేం ఉంటావమ్మా, ఎండలో, దుమ్ములో? అమ్మమ్మ సంగతి తెలుసుగా, తిడుతుంది, కొట్టినా కొడుతుంది."

"కొట్టిందమ్మా, ఇందాకే. చెప్పులతో వంటింట్లోకి వెళ్ళానని వీపు మీద ఒకటిచ్చింది. ఫర్వాలేదు. ఎందుకు కొట్టిందో తెలుస్తుంది."

ఇన్నేళ్ళుగా నోటికి అలవాటైన మాట అదే వచ్చింది. "నీ ఇష్టం తల్లీ" అన్నాను.

"అవునమ్మా. నా ఇష్టమే" అంది.

మూడు వారాలు నేను వెళ్ళలేదు. ఫోను కూడా తగ్గించాను. నేను తింటున్నానో లేదో ఆయన దానికి చెబుతాడని తెలుసు. పళ్ళెం పట్టుకుని వచ్చిన ఏడేళ్ళ పిల్ల ఎక్కడికి పోతుంది, వస్తుందిలే అనుకున్నాను. రాలేదు. నిజంగానే ఆకలి చచ్చిపోయింది, చూసేవాళ్ళు లేకపోయినా. ఫలితాలేవీ ఇంకా రాలేదు. వాటి సంగతి కూడా గుర్తు రాలేదంటే నమ్మరు, నేనూ నమ్మను. కానీ నాలుగో వారానికి నాకు కావలసింది అది ఇంటికి రావడం ఒక్కటే. నా పక్కన కూర్చుని అన్నం తినడం.

ఆదివారం ఆరాధన అవ్వగానే, దానికిష్టమని చేసిన కజ్జికాయల డబ్బా పట్టుకుని బస్సెక్కాను. ఊరు దగ్గరపడేకొద్దీ కిటికీలోంచి ఘాటు, బస్సులో అందరికీ దగ్గు. రోడ్డుకి రెండు వైపులా కల్లాల్లో కాయలు ఆరబోసి ఉన్నాయి. మనుషులు లేరు. ఆదివారం కదా.

అమ్మ అరుగు మీద కూర్చుని ఉంది. డబ్బా చూసి, "పెరట్లో ఉంది" అంది.

బండ మీద బట్టలుతుకుతోంది. నల్లబడింది. జుట్టు మగపిల్లాడిలా పొట్టిగా కత్తిరించి ఉంది. పీకటానికి దొరక్కుండా అమ్మే కత్తిరించేసిందట, తరవాత తెలిసింది. ఆ చోటు ఇప్పుడు దేని చాటునా లేదు, ఎండ తగులుతోంది. సన్నగా, పసిపిల్లల నూగులా కొత్త జుట్టు వస్తోంది.

నన్ను చూసి లేచి నిలబడింది. "ఎప్పుడొచ్చావమ్మా?" అంది. గొంతులో కోపం లేదు. కోపం ఉంటుందని బస్సులో అంతసేపూ సిద్ధపడి వచ్చాను.

"నాదే తప్పు తల్లీ" అనాలనుకున్నాను. చెప్పాల్సిన మాటలన్నీ మైకు ముందు అలవాటైపోయినవి, ఒక్కటీ పనికొచ్చేది కాదు. అందుకని చెయ్యి చాపాను. ఆ నూగు మీద ఒక్కసారి చెయ్యి వెయ్యాలనిపించింది, అంతే.

అది మోచెయ్యి అడ్డం పెట్టి నన్ను మెల్లగా వెనక్కి నెట్టింది.

"దగ్గరికి రామాక" అంది. "చేతులకి కారం ఉంది."

దాని చేతులకి మణికట్ల దాకా సబ్బు నురగ ఉంది. అది నా చేతుల వంక చూస్తోంది.